నిస్సి వంతు బియ్యం

మార్చి 16, ఆదివారం

పొద్దున జడ వేసుకోవడానికి మా చెల్లి నిస్సి చేతులు పైకెత్తితే వాచీ మోచేతి దాకా జారింది. పట్టీ సాగినట్టుంది. ఇంకో కన్నం పొడవాలి.

శ్రమకాలంలో, అంటే ఈస్టర్‌కు ముందు నలభై రోజుల లెంటులో, ఇది రెండో ఆదివారం. ఈ ఏడు మా ఇంట్లో లెంటు ప్రశాంతంగా నడుస్తోంది. ఆ మాట రాయడానికే భయంగా ఉంది, దిష్టి తగులుతుందేమోనని. మేము దిష్టిని నమ్మకూడదు. నవంబరులో హైదరాబాదు హాస్టలు నుంచి నాన్న నిస్సిని వెనక్కి తీసుకొచ్చినప్పటి నుంచి ఎన్ని గొడవలు! తలుపులు వేసుకోవడాలు, ఫోను లాక్కోవడాలు, వంటింట్లో అమ్మ ఏడుపు. ఇప్పుడు నిస్సి ఫోను తనే తెచ్చి అమ్మ చేతికిచ్చింది. పొద్దున్నే లేస్తుంది. ఇంటర్ పరీక్షలకు చదువుకుంటుంది, ప్రార్థన చేసుకుంటుంది. ఏమీ అడగదు. పదహారేళ్ళ పిల్ల ఏమీ అడగకపోతే ఇల్లు ఎంత హాయిగా ఉంటుందో!

ఈ రోజు గుడిలో పిడికెడు బియ్యం సంచులు ముందు పెట్టారు. అన్నింటిలోకీ మాదే పెద్దది. లెంటులో అన్నం వండే ప్రతిసారీ, బియ్యం కడిగే ముందు ఒక గుప్పెడు తీసి దేవుని కుండలో వేయడం అందరిళ్ళలోనూ ఉంది. మా ఇంట్లో ఆ గుప్పెడుతో పాటు నిస్సి వంతు కూడా పడుతోంది. "అమ్మా, నేను ఉపాసం. నా వంతు బియ్యం దేవుని కుండల వెయ్యి," అంటుంది రోజూ. అమ్మ వేస్తుంది. మా పాస్టరు గిడియోన్ అయ్యగారు సంచి రెండు చేతులతో ఎత్తి చూపించారు. "సూడుండ్రి, గింత పిల్ల మనందరికి సిగ్గు తెచ్చింది," అని నవ్వారు. అందరూ స్తోత్రం అన్నారు. అమ్మ కొంగు సర్దుకుంది. నవంబరు తర్వాత అమ్మ గుడిలో తలెత్తి కూర్చోవడం నేను ఇవాళే చూశాను.

నాన్న నర్సాపూర్ బస్సులో కండక్టరు డ్యూటీ దిగి వచ్చాక అమ్మ అంతా చెప్పింది. "మంచిదే," అన్నారు. నిస్సి అక్కడే ఉంది. ఆయన అమ్మ వైపు చూసి అన్నారు. నాన్న ఎవరితోనైనా తక్కువే మాట్లాడతారు.

మార్చి 17, సోమవారం

మేకు వేడి చేస్తే పట్టీలో సులువుగా దిగింది. ఒక కన్నం చాలలేదు. రెండు పొడిచాను.

మార్చి 20, గురువారం

బడిలో లైబ్రరీ పని ముగించుకుని వచ్చేసరికి పక్కింటి హాజిరా ఆంటీ గోడ దగ్గర నిలబడి ఉన్నారు. రంజాన్ నెల కదా, వాళ్ళు అప్పుడే ఉపవాసం విప్పినట్టున్నారు, చేతిలో పళ్ళెం ఉంది.

"ఎలిశిబా, చెల్లెను పిల్వు బిడ్డా. దానికనే మిర్చి బజ్జీలు చేసిన. మా నాజ్‌కు ఎంతిష్టమో దీనికి గూడ గంతే ఇష్టం."

ఆంటీ కూతురు నాజ్, నిస్సి ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒకే బెంచీ.

"అది ఉపాసం ఆంటీ."

"మేం గూడ ఉన్నం కద. ఇగో, పొద్దుగూకింది, విప్పినం. మీది ఎప్పుడు విప్పుతరు?"

"ఈస్టర్‌కు."

"ఈస్టర్ ఎప్పుడు?"

"వచ్చే నెల ఇరవై."

ఆంటీ పకపకా నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆగిపోయారు. "పరాచికాలాడకు బిడ్డా. రోజా అంటే ఉండుడొక్కటే గాదు, విప్పుడు గూడ. విప్పకపోతే గది రోజా ఎట్లయితది?"

మా లెంటు వేరని చెప్పాను. నీళ్ళు తాగుతుంది, సాయంత్రం ఒక పూట తింటుంది అన్నాను.

"తింటుంటే నువ్వు చూసినవా?"

చూశాను అన్నాను. పళ్ళెం చూశాను. రోజూ కడిగి బోర్లించి ఉంటుంది.

ఆంటీకి మా పద్ధతులు తెలియవు. బజ్జీలు నేనే తిన్నాను. చాలా బాగున్నాయి.

మార్చి 24, సోమవారం

నిస్సి పరీక్షలు అయిపోయాయి. బాగానే రాసిందట. వచ్చి పడుకుంది. బయట ఎండ మండిపోతుంటే స్వెటరు వేసుకుని, దుప్పటి కప్పుకుని ఉంది. పరీక్షల నీరసం.

బాత్రూం జాలీలో జుట్టు చుట్టలు చుట్టుకుని ఉంటోంది. నాదీ కావచ్చు.

పోయిన ఏడు పదో తరగతి ఆఖరి పరీక్ష రోజున నన్ను బస్టాండు ముందున్న బేకరీకి లాక్కెళ్ళింది. ఎగ్ పఫ్ తింటూ, నాన్నలాగా భుజానికి సంచి తగిలించుకున్నట్టు నటిస్తూ, "జరుగుండ్రి జరుగుండ్రి, లోపట జాగ మస్తున్నది," అని అరిచింది. బేకరీలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఈసారి అలాంటిదేమీ లేదు. పెద్దదవుతోంది.

మార్చి 27, గురువారం

బడి లైబ్రరీలో కొత్త పుస్తకాలకు అట్టలు వేశాను. ఏ పుస్తకం తెరిచినా మొదటి పేజీలోనే ఉండిపోతున్నాను. బడి నడిపే సిస్టర్ వచ్చి, ఒంట్లో బాగుందా అని అడిగారు. బాగుంది అన్నాను. నిజంగానే బాగుంది.

మార్చి 31, సోమవారం

ఈద్. నాజ్ షీర్ ఖుర్మా గిన్నె తెచ్చింది, కొత్త పచ్చ డ్రెస్సులో. నిస్సి పడుకునే ఉంది, లేపుతానంటే నాజ్ వద్దంది. కళ్ళతోనే నన్ను గేటు దగ్గరికి పిలిచింది.

"అక్కా, నేను చెప్పిన్నని దానికి చెప్పద్దు. చెప్పనని ఒట్టేసిన గని, గిది లోపట పెట్టుకొని పండుగ నాడు నేను ఎట్ల తినాలె?"

చెప్పమన్నాను.

హాస్టల్లో నిస్సిని 'డ్రమ్ము' అనేవాళ్ళట. మెస్సులో తింటుంటే ఫొటోలు తీసి గ్రూపులో పెట్టేవాళ్ళట. వారం వారం టెస్టు మార్కులు గోడకు అంటిస్తే తన పేరు చివర ఉండేదట. ఇదంతా నాజ్‌కు తెలుసు. మాకు తెలియదు. మేము అడగలేదు. చదవలేక వచ్చేసిందని అనుకున్నాం, అంతే.

"హాస్టల్ నుంచి వాపస్ వస్తుంటె బస్సుల మీ నాన్న ఒక మాట అన్నడంట అక్కా. 'నీ వల్ల ఇంట్ల ఎవ్వరికి శాంతి లేకుంటయింది' అని. గప్పటి సంది గదే పట్టుకున్నది."

"నీతో ఏమంది?"

నాజ్ దుపట్టా అంచు వేలికి చుట్టుకుంది. "'నేను జర జర తక్కువైత నాజ్, ఎవ్వరికి తెల్వకుంట. ఒక దినం ఉండనే ఉండ. గప్పుడు ఇల్లు మంచిగుంటది' అన్నది. నవ్వుకుంట అన్నది. ఏడ్సుకుంట అంటే నేను గింత పరేషాన్ కాకపోదును."

గిన్నె లోపలికి తెచ్చాను. నిస్సి లేచి కూర్చుని ఉంది. "దేవుని కుండల పాలు పొయ్యరాదు కద అక్కా, నువ్వే తాగు," అంది. నవ్వుతూనే అంది.

ఏప్రిల్ 1

రాయలేను.

ఏప్రిల్ 3, గురువారం

అమ్మకు చెప్పాను. చెప్పడం మొదలుపెట్టాను.

"అమ్మా, నిస్సి ఏం తింటలేదు."

"ఉపాసముంటె ఏం తింటరే?"

"నువ్వు పొద్దుగూకినంక తింటవు కద. అది ఉత్త పళ్ళెం కడిగి బోర్లిస్తుంది."

అమ్మ చేటలో బియ్యం ఏరడం ఆపింది. "అది హాస్టల్ నుంచి వచ్చినప్పుడు మన గుడి ఆడోళ్ళు స్త్రీల మైత్రిల ఏమనుకున్నరో నీకెరుకేనా? ఎవనితోనో పోతె పట్కొచ్చిండ్రని అన్నరు. నేను ఇంటున్ననని తెల్సి గూడ అన్నరు. ఇయ్యాల గవే నోళ్ళు నా బిడ్డను మెచ్చుకుంటున్నయ్. దేవుడు దాన్ని నిలబెట్టిండు. నువ్వు అడ్డం రాకు."

"అమ్మా, అది నాజ్‌తోని..."

"ఆదివారం మనింట్ల ప్రార్థన కూడిక. దేవుడు చేసిన మేలు గురించి నిస్సి సాక్ష్యం చెప్పాలని అయ్యగారు అడిగిండ్రు. గప్పటిదాక నోర్మూసుకో."

నోరు మూసుకోవడం నాకు కొత్తగా నేర్పనక్కరలేదు.

నాన్న అన్నం తింటుంటే వెళ్ళి నిలబడ్డాను. "నాన్నా," అన్నాను. తలెత్తారు. "నీళ్ళు పొయ్యాల్నా?" అన్నాను.

ఏప్రిల్ 5, శనివారం

పక్క మంచం మీద నిస్సి పళ్ళు చలికి కొట్టుకుంటున్నాయి. ఏప్రిల్ నెలలో.

ఏప్రిల్ 6, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. తర్వాత ఎవరు ఏమన్నా, నాకు నేను సర్దిచెప్పుకోకుండా ఉండడానికి.

సాయంత్రం కూడిక. ముందుగదిలో చాపలు పరిచాం. స్త్రీల మైత్రి వాళ్ళంతా వచ్చారు. చెవులు సరిగ్గా వినబడని ఐలవ్వ కూడా వచ్చి, మా ఒక్క కుర్చీలో కూర్చుంది. మధ్యలో మా బియ్యం సంచి, దాని మీద పూల దండ. ఆ దండ అమ్మ వేసింది.

పాట అయ్యాక అయ్యగారు నిస్సిని లేవమన్నారు. కిటికీ ఊచ పట్టుకుని లేచింది. నా కంటే బాగా మాట్లాడుతుంది, ఎప్పుడూ అంతే.

"నాకు ఇప్పుడు ఆకలైతలేదు. దేవుడు నా ఆకలి తీసేసిండు. నేను తక్కువైతున్న కొద్ది నాకు తేలిగ్గ ఉన్నది. ఇంట్ల గూడ కొట్లాటలు లేవు. అందరు మంచిగున్నరు."

స్తోత్రం అన్నారు అందరూ. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకు ఈద్ నాటి నాజ్ గొంతు వినబడింది.

ఎప్పుడు లేచానో తెలియదు. గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాను, అందరూ నా వైపు చూస్తున్నారు.

"ఏం బిడ్డా, నువ్వు గూడ సాక్ష్యం చెప్తవా?" అన్నారు అయ్యగారు, ఆశ్చర్యంగా.

"గా సంచిల ఉన్నది కానుక కాదు అయ్యగారూ. మా చెల్లె తినని అన్నం."

అందరి తలలూ సంచి వైపు తిరిగాయి.

"ఏమన్నది? ఏమన్నది?" అని ఐలవ్వ పక్కావిడను పొడిచింది. ఆవిడ చెవిలో అరిచింది: "పిల్ల అన్నం తింటలేదంట!"

"మరి గీ పాటలేందే? ముందుగాల పిల్లకు ఇంత బువ్వ పెట్టుండ్రి!"

వెనక ఎవరో నవ్వి, నవ్వు మింగేశారు.

అయ్యగారు నిస్సి దగ్గరికి వచ్చారు. "రాత్రి ఏం తిన్నవ్ బిడ్డా?" నిస్సి తల దించుకుంది. "మొన్న?" నన్ను చూసింది. ఆ చూపు గురించి రాయను.

ఆయన చాప మీద కూలబడ్డారు. "నేను సంచిని చూసిన. పిల్లను చూడలే," అన్నారు, మాతో అన్నట్టు లేదు. అమ్మ వైపు తిరిగి పేరు పెట్టి పిలిచారు. "దానమ్మా, పిల్లను దవాఖానకు తీస్కపోండ్రి. ప్రార్థన నేను చేస్త, అది నా పని. నాడి చూసుడు నాకు రాదు."

ముగింపు ప్రార్థన లేకుండానే అందరూ చెప్పులేసుకున్నారు.

అమ్మ వంటింట్లోకి వచ్చి, "నలుగుర్ల నా మొఖం మీద కొట్టినవ్," అంది. అంతకు మించి ఏమీ అనలేదు. అమ్మ తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండేది. వెనక్కి తిరిగితే నాన్న గడపలో ఉన్నారు, టికెట్ల సంచి భుజానే ఉంది. ఎంతసేపటి నుంచి ఉన్నారో. మా గది తలుపు దాకా వెళ్ళారు. తట్టలేదు. అక్కడే నిలబడ్డారు.

ఏప్రిల్ 7, సోమవారం

నిస్సి నాతో ఒక్కటే మాట అంది. "నువ్వు మా అక్కవే గాదు." అమ్మ ఆ ఒక్కటి కూడా అనలేదు.

అయినా ఈ రోజు గుండెల మీద బరువు లేదు. ఎందుకు లేదో తెలియదు. ఉండాలి కదా.

ఏప్రిల్ 8, మంగళవారం

ఆసుపత్రికి వెళ్ళే ఆటోలో నిస్సి ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చుంది, నా పక్కన కూర్చోనంటూ. వెనక నాన్న, నేను. నాజ్ చెప్పిందంతా నాన్న చెవిలో చెప్పేశాను. బస్సులో అన్న మాట కూడా. ఆయన రోడ్డు చూస్తూ కూర్చున్నారు. దిగేటప్పుడు ఆటో అతనికి ఇవ్వాల్సిన చిల్లర నా చేతిలో పెట్టారు.

డాక్టరమ్మ ముందు నిస్సితో ఒంటరిగా మాట్లాడింది. చాలాసేపు. తర్వాత మమ్మల్ని పిలిచింది.

"నాడి మస్తు నెమ్మదిగ ఉన్నది, బీపీ పడిపోయింది. కొన్ని దినాలు ఇక్కడనే ఉండాలె. ఒక్కసారే ఎక్కువ తినిపియ్యొద్దు, మేం చెప్పినట్టు కొద్దికొద్దిగ. ఇది జబ్బు, అయ్యా. పొగరు గాదు, భక్తి గాదు. మీరు పెంచుడు తప్పని నేను అంటలేను. గని ఇన్ని దినాలు పిల్ల ఒంటరిగ మోసింది. ఇగ మోయద్దు."

తర్వాత నిస్సి వైపు తిరిగి, "నాకు చెప్పినవు కద, వీళ్ళ ముందర గూడ చెప్పు. చచ్చిపోవాలనిపిస్తుందా?" అని, చాయ్ తాగావా అన్నట్టు అడిగింది.

నిస్సి అవునన్నట్టు తల ఊపింది.

నాన్న బల్ల అంచు పట్టుకున్నారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తానేమోనని నేను ఇన్నాళ్ళూ భయపడ్డాను. ఆమె అడిగింది, అంతే, నిస్సి భుజాలు కిందికి దిగాయి. అంతవరకూ అవి పైకి బిగించి ఉన్నాయని నాకు తెలియనే తెలియదు.

ఎప్పటికి తగ్గుతుందని అడిగాను.

"దినాలు లెక్కపెట్టకండ్రి. నెలలు పట్టొచ్చు. మధ్యల వెనకకు గూడ పోతది. గని తగ్గుతది. ఇంకొకటి, పిల్ల తినేటప్పుడు ఇంట్ల అందరు పక్కన కూసొని తినాలె. ఇంట్ల ఎవ్వరు ఉపాసం ఉండద్దు."

తగ్గుతది అంది. తగ్గుతది. ఆ మాట ఇక్కడ ఇంకోసారి రాసుకుంటాను. తగ్గుతది.

ఏప్రిల్ 10, గురువారం

వార్డులో నాన్న నిస్సికి గంజి తాగిస్తున్నారు. చెంచా పెదాల దగ్గర ఆగిపోతే, బస్సు ఆపినట్టు "హోల్డాన్," అంటున్నారు. మింగగానే, "రైట్ రైట్."

"నాన్నా, అందరు చూస్తుండ్రు."

"చూడనీ. టికెట్ లేనోళ్ళు గూడ చూస్తనే ఉన్నరు."

ఎదురు మంచం ముసలామె నవ్వింది. నిస్సి నవ్వలేదు. నవ్వబోయింది.

గిన్నె సగం అయ్యాక నాన్న చెంచా పక్కన పెట్టారు. "గా దినం బస్సుల నేనొక మాట అన్న."

"నాకు యాది లేదు."

"నాకున్నది. నిన్ను ఆడ ఒంటరిగ ఇడిసి పెట్టినోన్ని నేను. నా మీది కోపం నీ మీద పడేసిన. నీ వల్ల శాంతి లేదన్న కద... నువ్వు లేని ఇంట్ల ఏం శాంతి బిడ్డా? ఎవలికి గావాలె గా శాంతి?"

నిస్సి గోడ వైపు తిరిగింది. నాన్న చేతిలో ఉన్న చేతిని మాత్రం తీసుకోలేదు.

అమ్మ టిఫిను తెచ్చి వరండాలోనే కూర్చుంది. లోపలికి రమ్మంటే, "నన్ను చూస్తె తినేది గూడ తినదు," అంది.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

ఇంటికి వచ్చేశాం. వీధిలో పిల్లలు ఈత మట్టలు పట్టుకుని పాడుతూ పోతుంటే మా ఆటో వాళ్ళ వెనకే నెమ్మదిగా వచ్చింది, ఊరేగింపులో మేమూ ఉన్నట్టు.

అమ్మ నాలుగు పళ్ళాలు పెట్టింది. నా చిన్నప్పటి నుంచి లెంటులో పగటిపూట అమ్మ మెతుకు ముట్టడం నేను చూడలేదు. మేము కడుపులో ఉన్నప్పుడు కూడా ఉపవాసం ఉందట. ఈ రోజు నిస్సి ఎదురుగా కూర్చుని, అన్నంలో పప్పు కలిపి, ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"అమ్మా, నువ్వు ఉపాసం కద," అంది నిస్సి.

"దేవుడు అడిగితె నేను చెప్పుకుంట. నువ్వు తిను, నేను గూడ తింట."

తింది. నిస్సి కూడా తింది, కొంచెం. తల్లీకూతుళ్ళు ఒకళ్ళనొకళ్ళు కాపలా కాసినట్టు తిన్నారు.

నాతో అమ్మ ఇంకా మాట్లాడటం లేదు. గిన్నె అడుగున మాడు గీకి నా పళ్ళెంలో వేసింది. నాకు మాడు ఇష్టం.

ఏప్రిల్ 16, బుధవారం

"నీకు చెప్పింది నాజే కద?" అంది నిస్సి, ఉన్నట్టుండి.

"కాదు."

"అబద్ధం చెప్పుడు గూడ రాదు నీకు." వెల్లకిలా తిరిగింది. "గా దినం నువ్వు లేచి గోడకు ఆనుకున్నవ్. గోడ లేకపోతె పడిపోదువు. నేను చూసిన."

"మరి నన్ను అట్ల ఎందుకు చూసినవ్?"

"మస్తు కోపమొచ్చింది. ఇంగ... ఏమో. దొరికిపోయిన కద, ఇగ చాలు అనిపించింది గూడ. రెండు ఒక్కసారే."

నాకూ అంతే. అది ఆమెకు చెప్పలేదు.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

ఈ రోజు మా వీధిలో గుడికి పోయే ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. పన్నెండు నుంచి మూడు దాకా అందరూ గుడిలోనే. నాన్న, నేను, అమ్మ, నిస్సి ఇంట్లో ఉన్నాం. అమ్మ పొద్దున గుడి గేటు దాకా వెళ్ళి, ఒక్కతే నిలబడి ప్రార్థన చేసుకుని వచ్చేసింది.

పన్నెండుకు కొంచెం ముందే కుక్కరు పెట్టింది. అంత నిశ్శబ్దంలో విజిల్ వీధి చివరి దాకా వినబడి ఉంటుంది. ఐలవ్వకే వినబడింది! కర్ర టకటకలాడించుకుంటూ గుడికి పోతున్నదల్లా మా గుమ్మం ముందు ఆగింది.

"ఏందే దానమ్మా, గుడ్ ఫ్రైడే నాడు కుక్కర్ మోగుతున్నది?"

అమ్మ వంటింటి కిటికీలోంచి తొంగి చూసింది. ఏం చెబుతుందోనని చూశాను. జ్వరమని చెబుతుందనుకున్నాను, చుట్టాలొచ్చారని చెబుతుందనుకున్నాను.

"మా నిస్సి మనసు బాగలేదవ్వా. అన్నం తినక జబ్బు పడ్డది. డాక్టరమ్మ మందిస్తుంది. దినాం మేం దాని ఎంబడి కూసొని తింటున్నం," అంది అమ్మ, ఐలవ్వకు వినబడేంత గట్టిగా. అంటే వీధి మొత్తానికి వినబడేంత గట్టిగా.

"గట్లనా. మంచిగ చేస్తున్నవ్. జర ఉప్పు చూసి వెయ్యి, పోయినసారి నీ పప్పుల ఉప్పెక్కువైంది," అని ఐలవ్వ వెళ్ళిపోయింది.

నిస్సి గదిలోంచి విని, దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. "అయిపోయింది. మెదక్ మొత్తానికి తెల్సిపోయింది," అంది. దుప్పటి కింద భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతోంది.

ఏప్రిల్ 19, శనివారం

దుప్పట్లు దులుపుతుంటే నిస్సి దిండు కింద రెండు చపాతీలు. కాగితంలో చుట్టి ఉన్నాయి.

నేనేమీ అరవలేదు. చూపించాను. "ఇయ్యాల కాలే," అంది. "సరే, డాక్టరమ్మకు నువ్వే చెప్పు," అన్నాను. చెబుతానంది. వెనక్కి కూడా పోతుందని ఆమె ముందే చెప్పింది కదా.

ఏప్రిల్ 20, ఈస్టర్

తెల్లవారుజామున పెద్ద గుడికి, మెదక్ కెథడ్రల్‌కు వెళ్ళాం, నలుగురం. నిస్సి లోపలికి రాలేదు, మెట్ల మీద కూర్చుంది. నాన్న కూడా ఆమె పక్కనే కూర్చున్నారు. జనాలు చూశారు. చూస్తారు.

హాజిరా ఆంటీ గోడ మీదుగా పళ్ళెం అందించారు. "ఇయ్యాల విప్పుతరని చెప్పినవ్ కద," అన్నారు నాతో. "ముందుగాలనే విప్పినం ఆంటీ," అన్నాను. పళ్ళెం మీద గుడ్డ తీసి చూడకుండానే నిస్సి, "మిర్చి బజ్జీలు," అంది. ఒకటి తీసుకుంది. సగం తిని, మిగతా సగం గోడ అవతలున్న నాజ్ నోట్లో కుక్కింది.

ఏప్రిల్ 22, మంగళవారం

ఈ రోజు ఇంటర్ ఫలితాలు వచ్చాయి. వస్తాయని తెలుసు, ఎవ్వరం పైకి అనలేదు. పన్నెండు దాటాక నాజ్ ఫోను పట్టుకుని గోడ అవతల నిలబడింది, చెప్పాలా వద్దా అన్నట్టు.

"చెప్పు," అంది నిస్సి.

"అన్ని పాసైనవ్. ఫిజిక్స్ ఒక్కటే పోయింది."

అమ్మ వంటింట్లో గరిటె కింద పెట్టిన చప్పుడు. ఈ క్షణం కోసమే నెల రోజులుగా భయపడుతున్నానని నాకు అప్పుడు అర్థమైంది. నిస్సి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. గడియ పెట్టలేదు. డాక్టరమ్మ గడియ తీయించేయమంది, నాన్న అది ఎప్పుడో తీసేశారు. అయినా గడియ కోసం ఆమె చెయ్యి కూడా పోలేదు.

కొంచెంసేపటికి నాన్న తలుపు తోశారు. "ఏమైతుంది లోపట?" అని అడిగారు. మామూలుగా అడిగారు, డాక్టరమ్మ అడిగినట్టు.

"మస్తు బాధయితుంది," అంది నిస్సి లోపలి నుంచి. "ఉండద్దని మాత్రం అనిపిస్తలేదు."

ఆ మాట ఆమె అలా పైకి అంటుందని నేను అనుకోలేదు. వరండాలోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. కళ్ళు తుడుచుకున్నాను. ఎండ, బట్టల తీగ, హాజిరా ఆంటీ మేక. అన్నీ ఎంత బాగున్నాయో.

"సప్లిమెంటరీ రాస్తవా?" నాన్న గొంతు.

"చూస్త. ఇప్పుడే అడగకు."

"సరే, అడగ. అన్నం తిందమా?"

"పది నిమిషాలాగు."

ఆగారు. ఆ తర్వాత నిస్సి తనే వచ్చి కూర్చుంది. వంకాయ కూర బాగాలేదని అమ్మకు వంక పెట్టింది. అమ్మ, "బాగలేకపోతె లేచి నువ్వు వండుకో," అంది, అని, భయపడి నా వైపు చూసింది. నిస్సి తింటూనే ఉంది. అమ్మ చాలా రోజులకు నన్ను పేరు పెట్టి పిలిచి, నీళ్ళు తెమ్మంది.

నాన్న ఈ నెల ఎనిమిది నుంచి బస్సెక్కలేదు. బిడ్డ తినేటప్పుడు పక్కన కూర్చోవాలని డిపోలో చెప్పి, సెలవు తీసుకున్నారు.